ఆర్కేడ్స్ డెక్‌కి డిఫెన్స్ కార్డులు వెతకడం ఎలా: ముందు ఎవరి దెబ్బ కాచుకోవాలో చూసుకో

తమ్ముడూ, నువ్వడిగింది ఇదీ. మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో కమాండర్ రకం (వంద కార్డుల డెక్, దానికి నాయకుడిగా ఒక కార్డు) ఆడుతున్నావు, నీ నాయకుడు ఆర్కేడ్స్ ద స్ట్రాటజిస్ట్. హాస్టల్లో మిగతా ముగ్గురూ క్రెంకో, జెనగోస్, ఉర్‌డ్రాగన్ డెక్‌లతో ఏడెనిమిది టర్న్‌లు తిరక్కుండానే నిన్ను లేపేస్తున్నారు. స్క్రైఫాల్ అనే కార్డులు వెతికే సైట్‌లో ‘డిఫెన్స్’ అని కొడితే పనికిరానివి వస్తున్నాయి. వేరే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా, లేకపోతే బీటెక్ మినీ ప్రాజెక్టుగా నువ్వే ఒకటి రాసుకోవాలా అని.

టూల్ ఉంది, నువ్వు తెరిచిందే. మ్యాజిక్ కార్డులు వెతకడానికి స్క్రైఫాల్‌ని మించింది నేనైతే చూడలేదు. ఉచితం, వెతకడానికి లాగిన్ కూడా అక్కర్లేదు. చిక్కంతా దాన్ని అడిగే పద్ధతిలోనే ఉంది.

సెర్చ్ బాక్సులో ఊరికే ఒక మాట కొడితే అది కార్డు పేర్లలో వెతుకుతుంది, కార్డు చేసే పనిలో కాదు. అందుకే నీకు డిఫెన్స్ గ్రిడ్, డిఫెన్స్ ఆఫ్ ద హార్ట్ లాంటివి తగిలాయి. మొదటిది తన టర్న్ కానప్పుడు స్పెల్ వేసే ప్రతివాడి దగ్గరా మూడు మానా (కార్డు వెయ్యడానికి కట్టే ఖర్చు) అదనంగా గుంజే ఆర్టిఫాక్ట్ (వస్తువు కార్డు). కౌంటర్‌స్పెల్స్ (ఎదుటివాడు వేసే కార్డుని రద్దు చేసేవి) వేసేవాడికి అది నొప్పి, జెనగోస్ వాడికి దోమ కుట్టినట్టు కూడా ఉండదు. రెండోది ఎదుటివాడికి మూడు క్రీచర్లు (పోట్లాడే జీవుల కార్డులు) ఉంటే నీ డెక్‌లోంచి రెండు క్రీచర్లను తీసి నేరుగా బోర్డు మీద పెట్టే ఎన్‌చాంట్‌మెంట్. అది ఆట ముగించే కార్డు, నిన్ను కాపాడే కార్డు కాదు. నువ్వు ‘ఎస్’ ఉన్న స్పెల్లింగ్ కొట్టావు కాబట్టి ఇవైనా వచ్చాయి. కార్డుల మీద ఉండేది అమెరికన్ స్పెల్లింగ్, మన బళ్లో నేర్పిన ‘సి’తో కొట్టుంటే ఇవీ రావు.

ఏ కార్డూ తాను డిఫెన్స్ కార్డునని చెప్పుకోదు. నీకు ఏ పని కావాలో తేల్చుకుని, ఆ పనిని కార్డు మీద ఏ మాటల్లో అచ్చేస్తారో ఆ మాటల్ని వెతకాలి. అసలు ఆ పనేంటో తెలియాలంటే నిన్ను కొడుతున్నది ఎవరో చూడాలి. ముగ్గురూ మూడు రకాలుగా కొడుతున్నారు, ఒకడికి పనిచేసింది ఇంకొకడికి పనిచెయ్యదు.

సింటాక్స్ గురించి రెండు ముక్కలు. ఆపరేటర్లను పలికినట్టు తెలుగులో రాస్తున్నా, నువ్వు ఇంగ్లిష్‌లో కొట్టు. ‘ఓ’ కోలన్ అంటే కార్డు మీది వాక్యాల్లో వెతకమని. ఒకటికి మించి మాటలుంటే డబుల్ కోట్స్‌లో పెట్టు. ‘టీ’ కోలన్ టైపు, ‘కేడబ్ల్యూ’ కోలన్ కీవర్డ్ (కార్డు చేసే పనికి పెట్టిన ఒక్క మాట పేరు). ‘టీఓయూ’ అంటే టఫ్‌నెస్ (క్రీచర్ ఎంత డ్యామేజ్‌కి చస్తుందో ఆ అంకె), ‘ఎంవీ’ అంటే మానా వాల్యూ (కార్డుకి ఎంత మానా పడుతుందో). వీటి పక్కన లెక్కల్లో వాడే ఎక్కువ, తక్కువ, సమానం గుర్తులు పెట్టొచ్చు. ‘ఐడీ’ కోలన్ అంటే కలర్ ఐడెంటిటీ, కార్డు ఏ రంగులదో. ఆర్కేడ్స్‌ది గ్రీన్, వైట్, బ్లూ కాబట్టి నీకు ‘జీడబ్ల్యూయూ’. బ్లూకి ‘బీ’ కాదు, ‘యూ’. ‘బీ’ని బ్లాక్ తీసేసుకుంది. ‘ఎఫ్’ కోలన్ కమాండర్ అని చేరిస్తే నిషేధంలో ఉన్నవి రావు. దేని ముందైనా మైనస్ పెడితే అది వద్దని. మిగతాది సైట్‌లోనే సింటాక్స్ పేజీలో ఉంది, ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తుంది.

ముందు గోడల సంగతి చూద్దాం, నీ డెక్ నడిచేదే వాటి మీద కాబట్టి. చాలామంది ‘టీ’ కోలన్ వాల్ అని కొట్టి ఆగిపోతారు. ఆర్కేడ్స్ మీద వాల్ అన్న మాటే లేదు, డిఫెండర్ (అటాక్ చెయ్యలేని క్రీచర్) అని ఉంది. డిఫెండర్ ఉన్న క్రీచర్ నీ వైపు దిగితే ఒక కార్డు తీసుకుంటావు, అది పవర్‌తో (కొట్టే దెబ్బ అంకె) కాకుండా టఫ్‌నెస్‌తో కొడుతుంది, డిఫెండర్ లేనట్టే అటాక్‌కి వెళ్తుంది. సిల్వన్ కార్యాటిడ్ సంగతి చూడు. రెండు మానాకి 0/3 (పవర్ సున్నా, టఫ్‌నెస్ మూడు), డిఫెండర్ ఉంది, హెక్స్‌ప్రూఫ్ (ఎదుటివాళ్లు దాన్ని టార్గెట్ చెయ్యలేరు) ఉంది, ఏ రంగు మానా అయినా ఇస్తుంది. కానీ టైపు ప్లాంట్, వాల్ కాదు. ఆక్స్‌బేన్ గార్డియన్ కూడా అంతే, వాడు మనిషి. టైపుతో వెతికితే ఇద్దరూ పోతారు, కీవర్డ్‌తో వెతికితే దొరుకుతారు. ఈ కీవర్డ్ 2004లో చాంపియన్స్ ఆఫ్ కమిగావాతో వచ్చింది. అంతకుముందు వాల్ అంటేనే అటాక్ చెయ్యకూడదని రూల్. పాత గోడల మీద అచ్చులో డిఫెండర్ అని లేకపోయినా ఇప్పటి అధికారిక టెక్స్ట్‌లో ఉంటుంది, స్క్రైఫాల్ వెతికేది ఆ టెక్స్ట్‌నే కాబట్టి దిగులు లేదు.

అయితే నీ మొదటి సెర్చ్ ఇదీ: ‘కేడబ్ల్యూ’ కోలన్ డిఫెండర్, ‘ఐడీ’ కోలన్ ‘జీడబ్ల్యూయూ’, ‘ఎంవీ’ రెండు లేదా తక్కువ, ‘టీఓయూ’ నాలుగు లేదా ఎక్కువ. వాల్ ఆఫ్ ఓమెన్స్, వాల్ ఆఫ్ బ్లాసమ్స్, వాల్ ఆఫ్ రూట్స్, ఓవర్‌గ్రోన్ బ్యాటిల్‌మెంట్ అన్నీ ఇందులో వచ్చేస్తాయి. మూడు కాదు, నాలుగు ఎందుకంటే రెడ్ డెక్‌లో ఒక్క మానా లైట్నింగ్ బోల్ట్ మూడు డ్యామేజ్ చేస్తుంది కాబట్టి. నాలుగుంటే ఆ బోల్ట్‌కి పడదు. ఈ సెర్చ్‌లో కార్యాటిడ్ రాదు, దానికి మూడే. అది గోడగా కాదు, మానా కోసం పెట్టుకునేది, దాన్ని విడిగా చేర్చుకో.

టఫ్‌నెస్ అంకెతో దొరకని కాపలా ఒకటుంది, డెత్‌టచ్. సెడ్జ్ స్కార్పియన్ ఒక్క గ్రీన్ మానాకి 1/1. అంకె చూస్తే నవ్వొస్తుంది. కానీ దాన్ని ఢీకొన్న క్రీచర్ ఎంత పెద్దదైనా చస్తుంది కాబట్టి పెద్ద మృగాన్ని పెంచుకున్నవాడు నీ వైపు తిప్పడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. నలుగురు ఆడే టేబుల్ మీద నిన్ను వదిలేసి పక్కవాణ్ని కొట్టేలా చేస్తే చాలు, అదీ డిఫెన్సే.

ఇప్పుడు క్రెంకో. ఈ గాబ్లిన్‌ని ట్యాప్ చేసి (అడ్డంగా తిప్పి) దాని పని వాడుకున్నప్పుడల్లా వాడికి ఎన్ని గాబ్లిన్లున్నాయో అన్ని కొత్తవి పుడతాయి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. గోడ ఎంత గట్టిదైనా ఒక్కణ్నే ఆపుతుంది, మిగతా ఏడుగురూ లోపలికొచ్చేస్తారు. ఇక్కడ కావలసింది ప్రొపగాండా, ఘోస్ట్‌లీ ప్రిజన్ లాంటివి. అలిపిరి టోల్‌గేట్ దగ్గర బండికింత అని కట్టించుకున్నట్టు, నీ మీదికొచ్చే ఒక్కో క్రీచర్‌కి రెండు మానా కట్టాలి. ఎనిమిది గాబ్లిన్లతో రావాలంటే పదహారు మానా, రెండు కార్డులూ ఉంటే ముప్పై రెండు. ఎవడి దగ్గరుంటుంది?

వీటిని వెతికేటప్పుడు వాక్యం ఎక్కడ తెంచుతావన్నది ముఖ్యం. ప్రొపగాండా మీద ‘క్రీచర్స్ కాంట్ అటాక్ యూ అన్‌లెస్’ అని ఉంటుంది. అన్‌లెస్ దాకా కోట్స్‌లో పెట్టావనుకో, స్ఫియర్ ఆఫ్ సేఫ్టీ జారిపోతుంది. దాని మీద ‘యూ’ తర్వాత ‘ఆర్ ప్లేన్స్‌వాకర్స్ యూ కంట్రోల్’ అని వచ్చి అప్పుడు అన్‌లెస్ వస్తుంది మరి. బ్లేజింగ్ ఆర్కాన్ మీదయితే అన్‌లెస్సే లేదు, నీ మీదికి రావద్దంతే. కాబట్టి ‘ఓ’ కోలన్ ‘కాంట్ అటాక్ యూ’ దగ్గర ఆపు. మరీ ముందే ఆపి ‘కాంట్ అటాక్’ అని వదిలేస్తే పాసిఫిజం బాపతువన్నీ వచ్చి పడతాయి, అవి ఒక్క క్రీచర్‌ని కట్టేసేవి. క్రాల్‌స్పేస్ మాత్రం వీటిలో దేనికీ దొరకదు. ఒక కాంబాట్‌లో ఇద్దరికి మించి నీ మీదికి రాకూడదని దాని రూలు, రాసింది ‘నో మోర్ దాన్ టూ’ అని. ‘ఓ’ కోలన్ ‘నో మోర్ దాన్’ అని ఇంకో సెర్చ్ చెయ్యాలి. ఆర్టిఫాక్ట్, మూడు మానా, ఏ రంగు డెక్‌కైనా సరిపోతుంది. మా తిరుపతి బ్యాచ్‌లో క్రెంకో ఆడేవాడికి దీన్ని చూస్తేనే ఒళ్లు మంట.

జెనగోస్ దగ్గరికొస్తే ఇదంతా తలకిందులు. వాడు ఒకే ఒక్క క్రీచర్‌ని తెస్తాడు, కాంబాట్ మొదట్లో దాని పవర్ ఎంతో అంత కలిపి రెట్టింపు చేసి, హేస్ట్ (దిగిన టర్న్‌లోనే అటాక్ చెయ్యగలగడం) ఇచ్చి పంపిస్తాడు. ఒక్కదానికి రెండు మానా కట్టడం వాడికి లెక్కే కాదు, క్రాల్‌స్పేస్ పెట్టినా పెట్టకపోయినా ఒకటే. ట్రాంపుల్ ఉందంటే గోడ మీద మిగిలిందంతా నీ మీద పడుతుంది. ఇక్కడ ఒక్కదాన్ని తీసేసే కార్డులు కావాలి, అవీ ఇన్‌స్టంట్‌లే (ఎవరి టర్న్‌లోనైనా వెయ్యగలిగేవి) కావాలి. స్వోర్డ్స్ టు ప్లోషేర్స్, పాత్ టు ఎగ్జైల్ నీ రంగుల్లోనే ఉన్నాయి. స్వోర్డ్స్ ఎప్పుడు వెయ్యాలో కూడా చెప్తాను. ఆ క్రీచర్ పవర్ ఎంతో అంత లైఫ్ వాడికి వస్తుంది కదా, రెట్టింపు అయ్యేదాకా ఆగితే రెట్టింపు లైఫ్ ఇచ్చినట్టే. జెనగోస్ ట్రిగ్గర్ (ఆ రెట్టింపు చేసే పని) ఇంకా జరక్కుండా స్టాక్ మీద, అంటే వరసలో, ఉండగానే వేసెయ్. వాడు టార్గెట్ ఎంచుకోవడం అయిపోయింది కాబట్టి ఇంకోదానికి మార్చుకోలేడు, ఆ టర్న్ ట్రిగ్గర్ దండగ.

ఈ రకం కార్డులకి వాక్యంతో వెతకడం విసుగు, ఎందుకంటే తీసెయ్యడాన్ని నానా రకాలుగా రాస్తారు: డిస్ట్రాయ్, ఎగ్జైల్, చేతికి తిప్పి పంపడం, డెక్‌లోకి తొయ్యడం. స్క్రైఫాల్‌లో ‘ఫంక్షన్’ కోలన్ రిమూవల్ అని కొట్టు. ఇవి ట్యాగర్ అనే ప్రాజెక్టులో ఆటగాళ్లే కూర్చుని కార్డు చేసే పనిని బట్టి తగిలించిన ట్యాగులు. నువ్వు మొదట్నించీ కోరుకుంటున్నది ఇదే, పని పేరు చెప్తే కార్డులు రావడం. మనుషులు పెట్టినవి కాబట్టి కొత్త కార్డులకి ట్యాగ్ పడడం ఆలస్యం కావచ్చు, కొన్నింటికి పడకపోవచ్చు. అందుకే ట్యాగ్‌తో ఒకసారి, వాక్యంతో ఒకసారి, రెండూ చెయ్యి. దాంతోపాటు ‘టీ’ కోలన్ ఇన్‌స్టంట్, ‘ఎంవీ’ రెండు లేదా తక్కువ అని కలుపు. వరసని ఈడీహెచ్‌రెక్ (కమాండర్ డెక్‌ల లెక్కలు చూపే సైట్) ర్యాంకు ప్రకారం పెట్టమంటే కమాండర్‌లో ఎక్కువమంది ఆడేవి పైకొస్తాయి.

ఉర్‌డ్రాగన్‌ది ఆకాశ మార్గం. కింద ఎన్ని గోడలున్నా ఫ్లయింగ్ (ఎగరడం) లేదా రీచ్ (ఎగిరేవాటిని అడ్డుకోగలగడం) లేనివాటికి డ్రాగన్లు అందవు. ‘కేడబ్ల్యూ’ కోలన్ డిఫెండర్ పక్కన బ్రాకెట్‌లో ఫ్లయింగ్ ఆర్ రీచ్ అని రెండు కీవర్డ్‌లు పెట్టి వెతుకు. నీ రంగుల్లో వాల్ ఆఫ్ డినయల్ తగులుతుంది, మూడు మానాకి 0/8, ఫ్లయింగ్, ష్రౌడ్ (ఎవరూ దాన్ని టార్గెట్ చెయ్యలేరు). మామూలు డ్రాగన్లకి అది చాలు. 10/10 ఉర్‌డ్రాగనే స్వయంగా దిగితే చాలదు, అప్పుడు మళ్లీ స్వోర్డ్సే గతి.

నీకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడేది బోర్డు మొత్తం తుడిచేసే కార్డులు. ఇక్కడే ఆర్కేడ్స్ ఆడేవాడికి మిగతావాళ్లకి లేని సుఖం ఉంది. రాత్ ఆఫ్ గాడ్ వేస్తే నీ గోడలూ పోతాయి. కానీ నీ గోడలకి పవర్ సున్నా, మహా అయితే ఒకటో రెండో. పవర్ ఎక్కువున్న వాటినే చంపే కార్డు దొరికితే బోర్డు మీద నీ గోడలే మిగులుతాయి. ‘ఓ’ కోలన్ ‘డిస్ట్రాయ్ ఆల్ క్రీచర్స్ విత్ పవర్’ అని కొట్టు. డస్క్ అండ్ డాన్ కార్డు వస్తుంది, మొదటి సగం పవర్ మూడు, అంతకు మించిన వాటన్నిటినీ చంపేస్తుంది. డ్రాగన్లు, జెనగోస్ వాడి మృగాలు, క్రెంకో కూడా పోతాయి, క్రెంకోది సరిగ్గా మూడు. రెట్రిబ్యూషన్ ఆఫ్ ద మీక్ మూడు మానాకే నాలుగు, అంతకు మించిన వాటిని తుడుస్తుంది, క్రెంకో మాత్రం బతికిపోతాడు. ఫెల్ ద మైటీ కూడా ఇందులోనే తగులుతుంది. ‘విత్ పవర్’ అన్న రెండు మాటలూ వదిలెయ్యొద్దు. వదిలేస్తే సిటీవైడ్ బస్ట్ కూడా వస్తుంది, అది టఫ్‌నెస్ నాలుగు, అంతకు మించిన వాటిని చంపేది, అంటే నీ డెక్‌నే.

ఇదే పని చేస్తూ ఈ వాక్యానికి చిక్కనిది స్లాటర్ ద స్ట్రాంగ్. అందులో డిస్ట్రాయ్ అన్న మాటే లేదు. మొత్తం పవర్ నాలుగుకి మించకుండా ఎన్ని క్రీచర్లనైనా ఉంచుకుని మిగతావి బలి ఇవ్వాలి, ప్రతి ఆటగాడూ. నీ సున్నా పవర్ గోడలు ఇరవై ఉన్నా ఇరవైనీ ఉంచుకోవచ్చు. క్రెంకోకి నాలుగు గాబ్లిన్లు మిగులుతాయి. డస్క్‌కి దొరకని చిన్న టోకెన్లను (డెక్‌లో కార్డు లేకుండా పుట్టే క్రీచర్లను) కూడా ఇది ఊడ్చేస్తుంది. మూడే మానా. దీన్ని పట్టాలంటే ‘ఓ’ కోలన్ ‘టోటల్ పవర్’, ‘ఓ’ కోలన్ ‘శాక్రిఫైస్’ అని విడివిడిగా రెండు పెట్టాలి.

ఫాగ్ కార్డుల (ఒక టర్న్ కాంబాట్ డ్యామేజ్‌ని ఆపేవి) గురించి ఎక్కువ చెప్పను, నాకు వాటి మీద అంత మోజు లేదు. ఒక టర్న్ గండం గడుస్తుంది, అంతే. అయినా ఒకటో రెండో ఉండాలి. ‘ప్రివెంట్ ఆల్ కంబాట్ డ్యామేజ్’ దాకానే కోట్స్‌లో పెట్టు. ‘దట్ వుడ్ బీ డెల్ట్ దిస్ టర్న్’ అని చివరిదాకా పెడితే మేజ్ ఆఫ్ ఇత్ లాంటి మంచి ల్యాండ్ పోతుంది. ఇన్‌స్టంట్ అని ఫిల్టర్ పెడితే స్పోర్ ఫ్రాగ్ పోతుంది, అది కప్ప, తనని తాను బలి ఇచ్చి ఆ పని చేస్తుంది. నా ఓటు మాత్రం ఈథరైజ్‌కి. అటాక్ చేస్తున్న క్రీచర్లన్నీ వాళ్ల చేతిలోకి తిరిగెళ్లిపోతాయి, టోకెన్లయితే మాయమే. ‘ఓ’ కోలన్ ‘ఆల్ అటాకింగ్ క్రీచర్స్’ అని వెతికితే దొరుకుతుంది.

ఇక్కడిదాకా చేసిన సెర్చ్‌ల లింకులన్నీ దాచుకో. సెర్చ్ మొత్తం అడ్రస్ బార్‌లోనే ఉంటుంది కాబట్టి వాట్సాప్‌లో నీకు నువ్వే పంపుకుంటే చాలు, కొత్త సెట్ వచ్చినప్పుడు అదే లింకు నొక్కితే కొత్త కార్డులు కూడా వస్తాయి.

ఇంక మినీ ప్రాజెక్టు. అవసరమా అంటే లేదు. చెయ్యొచ్చా అంటే చెయ్యి, మంచి ప్రాజెక్టే, పైథాన్ వస్తే చాలు. ఒక్కో కార్డుకి స్క్రైఫాల్ ఏపీఐని (ప్రోగ్రాంలు డేటా అడిగే దారి) తడుతూ కూర్చోకు. వాళ్లు బల్క్ డేటా అని మొత్తం కార్డుల జేసన్ ఫైలు రోజూ ఇస్తారు, అందులో ఒరాకిల్ కార్డ్స్ అన్నది దించుకో. ఒక కార్డు ఎన్నిసార్లు అచ్చయినా అందులో ఒక్కసారే ఉంటుంది. ఫైలు వంద ఎంబీ దాటుతుంది, హాస్టల్ వైఫై మీద దించుకో. ల్యాప్‌టాప్‌లో ఉంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నైకి కార్డులు కొనడానికి పోయేటప్పుడు పుత్తూరు దాటాక సిగ్నల్ వచ్చీ రాక ఉన్నా లిస్టు నీ చేతిలో ఉంటుంది.

ఆ డేటాలో కాలు జారే చోట్లు రెండున్నాయి. రెండు సగాలున్న కార్డులకీ, రెండు వైపులున్న వాటికీ ఒరాకిల్ టెక్స్ట్ (అధికారిక వాక్యాలు) పైన ఉండదు, కార్డ్ ఫేసెస్ అనే లిస్టు లోపల ఒక్కో ముఖానికి విడిగా ఉంటుంది. పైన మాత్రమే చూసే ప్రోగ్రాం రాశావో, ఇందాక మెచ్చుకున్న డస్క్ అండ్ డాన్ నీ టూల్‌కి కనపడనే కనపడదు, ఎర్రర్ కూడా ఇవ్వకపోవచ్చు. రెండోది, పవర్, టఫ్‌నెస్ అంకెలుగా కాదు, టెక్స్ట్‌గా ఉంటాయి. టార్మోగోయిఫ్ టఫ్‌నెస్ ‘ఒకటి ప్లస్ నక్షత్రం’. నేరుగా ఇంట్ చెయ్యబోతే, అంటే అంకెగా మార్చబోతే, ప్రోగ్రాం అక్కడే కూలబడుతుంది. నక్షత్రాలున్న వాటిని పక్కన పెట్టి కంటితో చూసుకో, వాటిని అంకెలుగా మార్చే తెలివితేటలు వద్దు.

కార్డుకి ‘డిఫెన్స్ స్కోరు’ అని ఒక్క అంకె ఇవ్వాలనిపిస్తుంది నీకు, ఆ పని చెయ్యకు. క్రాల్‌స్పేస్‌కి ఎంత ఇస్తావు? క్రెంకో మీద పదికి తొమ్మిది, జెనగోస్ మీద సున్నా, సగటు తీస్తే ఎవరికీ పనికిరాదు. మందగా వచ్చేవాళ్లు, ఒక్కటే పెద్దది, గాల్లోంచి వచ్చేవి అని మూడు కాలమ్‌లు పెట్టు. పనిచేస్తోందో లేదో చూడ్డానికి నీకు తెలిసిన మంచి డిఫెన్స్ కార్డులు ముందే చేత్తో ఒక కాగితం మీద రాసుకుని, వాటిలో టూల్ ఎన్నిటిని పట్టిందో లెక్కపెట్టు. పట్టనిదాని వాక్యం తీసి చూస్తే ఎక్కడ తెంచాలో అర్థమైపోతుంది. వైవాలో సార్‌కి చూపించడానికి కూడా ఇది బాగుంటుంది. కార్డు బొమ్మలు వాడితే కింద ఉండే ఆర్టిస్టు పేరు, కాపీరైట్ లైను కత్తిరించకు, స్క్రైఫాల్ వాళ్లు అది ప్రత్యేకంగా చెప్పారు. వాళ్ల డేటాని డబ్బు తీసుకుని చూపించడం కూడా కుదరదు.

చాట్‌బాట్‌ని అడిగితే అయిపోతుంది కదా అంటావేమో. అడుగు, ఐడియాలకి పర్లేదు. కానీ లేని కార్డుకి పేరు పెట్టేస్తుంది, ఉన్న కార్డుకి లేని పని అంటగడుతుంది. అది చెప్పిన ప్రతి పేరూ స్క్రైఫాల్‌లో కొట్టి చదివాకే నమ్ము. పక్క రూములో యుగియో అనే ఇంకో కార్డుల ఆట ఆడేవాడికి ఈ గొడవ చాలావరకు లేదు, వాళ్ల మాన్‌స్టర్ కార్డుల్లో చాలావాటి మీద డెఫ్ అని అంకే అచ్చేసి ఉంటుంది.

డబ్బుల సంగతి అడిగావు. ‘యూఎస్‌డీ’ ఒకటి కన్నా తక్కువ అని చేరిస్తే డాలర్ లోపు కార్డులే వస్తాయి, రూపాయల్లో చూపించదు. విదేశం నించి తెప్పిస్తే కార్డు కన్నా షిప్పింగే బరువవుతుంది, నలుగురూ కలిసి ఒకే ఆర్డర్ పెట్టండి. కొనేముందు ప్రింట్ తీసి స్లీవ్‌లో పెట్టి ఆడి చూడు, స్నేహితుల మధ్య ఆటకి ఎవరూ కాదనరు. అధికారిక టోర్నమెంట్‌లో మాత్రం కుదరదు.

డెక్‌లో చోటెక్కడుందో తెలియాలంటే నీ వంద కార్డుల లిస్టు పెట్టు, ఏవి తియ్యాలో చూసి చెప్తా. ఇప్పుడు కౌంటర్‌స్పెల్స్ ఎన్నున్నాయో కూడా రాయి. ముగ్గురూ క్రీచర్లతోనే కొట్టేవాళ్లయితే వాటిలో సగం తీసి డస్క్‌కీ స్లాటర్‌కీ చోటివ్వొచ్చని నా అనుమానం.